చింతమొద్దు మీద వేసిన నింద

మా అన్న గిన్నెలను కాళ్ళతో చెక్కేవాడు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. ఉలి పట్టేది చేతులే, సుత్తి ఎత్తేదీ చేతులే, కాదనను. కానీ ఆయన నేల మీద కూర్చుని, మోకాళ్ళు ఎడంగా పెట్టి, మొద్దును రెండు అరికాళ్ళ మధ్య ఇరికించి పట్టేవాడు. మా బాపూ అంతే, తాతా అంతే. బల్లలూ బిగింపు మరలూ మా ఇంట్లో ఎవరూ వాడలేదు. లోపల తొలిచే కొద్దీ గోడ ఎంత పలచబడిందో అరికాలికే తెలియాలి. చెక్క మందంగా ఉన్నంతసేపు సుత్తి దెబ్బ కాలికి మొద్దుగా తగులుతుంది, పలచబడుతుంటే సన్నగా జలదరిస్తుంది. ఆ జలదరింపు ఒక దగ్గరికి రాగానే అన్న ఉలి ఆపేవాడు. తీసి చూస్తే అంచు నుంచి అడుగు దాకా చిటికెనవేలంత మందం ఉండేది, ఎక్కడా తేడా రాదు.

నాకు ఆ విద్య అబ్బలేదు. చిన్నప్పుడు బాపు నన్నూ కూర్చోబెట్టాడు. నా పాదాలకు చెక్క ఏమీ చెప్పలేదు, వినే ఓపిక నాకూ లేదు. రెండు గిన్నెలు పగలగొట్టి, మూడోదాన్ని కోపంతో గోడకేసి కొట్టాక, వీడికి ఇనుమే సరి అని బాపే నన్ను ఐటీఐలో చేర్పించాడు. అక్కణ్ణుంచి కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీకి వచ్చిపడ్డాను. ముప్పై ఏళ్ళుగా లేతు మిషన్ ముందు నిలబడి, వెంట్రుకవాసి తేడాలు కొలుస్తున్నాను. నా కోపం సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. బస్తీలో నల్లా దగ్గర పంచాయితీ అయినా, కరెంటు బిల్లు తప్పొచ్చినా ముందు లేచేది నా గొంతే. నన్ను చూస్తే అందరూ భయపడతారని చాలా ఏళ్ళు గర్వపడ్డాను. ఛీ, అదొక గర్వం!

ఉప్పుగూడలో ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉంటాం. వెనక వాటా నాది. ముందు గదిలో అన్న పనిచేసేవాడు. అదే గదిలో ఒక మూల కూర్చుని వదిన లాడ్ బజార్ దుకాణాలకు లక్కగాజుల మీద రాళ్ళు అతికేది. చేసిన గిన్నెలు బేగంబజార్‌లో ఒక సేఠ్ తీసుకునేవాడు. మిషన్ మీద గుండ్రటివి ఎన్నయినా తీయొచ్చు. అన్నవి కోలగా, రెండు కొసలు కొంచెం లేచి ఉండేవి. రొట్టెల పిండి కలపడానికి పాతకాలం ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ అవే అడిగేవారట. ఈమధ్య కొత్త హోటళ్ళవాళ్ళు కూడా అడుగుతున్నారని సేఠ్ చెప్పేవాడు.

నాకు సెలవున్న రోజు అన్న ఎదురుగా కూర్చుని టీ తాగుతూ ఆయనను ఏడిపించడం నా పని. లోకమంతా కొలతల మీద నడుస్తుంటే నువ్వింకా కాళ్ళ మీద నడుస్తున్నావా, మందం కొలిచే కాలిపర్ ఒకటి కొనిస్తాను, పెట్టి చూసుకో అనేవాణ్ణి. ఆయన తల ఎత్తేవాడు కాదు.

"నీ కాలిపర్ సచ్చిన ఇనుముకు తమ్మీ. చెక్క ఇంకా సావలే" అనేవాడు.

నిరుడు వానాకాలంలో రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టేసిన ఒక పెద్ద చింతచెట్టు మా ఇంటికి దగ్గరలో దుంగలు కోసే ఆరా మిషన్‌కు వచ్చింది. దాని యజమాని మాకు ముప్పై ఏళ్ళుగా చెక్క అమ్ముతున్న ముసలి భాయ్. కబురు రాగానే అన్న ఒక్కడే వెళ్ళి, మొద్దులు ఎంచుకుని, బండిలో వేయించుకుని వచ్చాడు. చింత మహా మొండిది. దాని లోపల నార ఒక పొరలో కుడికి వాలితే, కింది పొరలో ఎడమకు వాలుతుంది. పై పొరను నున్నగా కోసిన ఉలి, రెండో పొరలోకి దిగగానే ఎదురు తగిలి పేడు లేపుతుంది. కసాయి దుకాణాల్లో ఖీమా కొట్టే మొద్దులు చింతవే ఉండేది అందుకే. ఎన్ని దెబ్బలు పడ్డా చీలదు. దాన్ని గిన్నె చేయాలంటే ఒక్కో చోట ఉలిని అడ్డంగా తిప్పి, గోటితో గీసినంత సన్నగా తీయాలి. అన్నకు అలాంటి చెక్క అంటే ప్రాణం. మెత్తటి చెక్కను ఎవడైనా చెక్కుతాడని ఆయన ఉద్దేశం.

ఆ మొద్దులతో మొదలైంది మా దరిద్రం. మొదటి గిన్నెకు అడుగున చిల్లుపడింది. ఫట్‌మని ఉలి అవతలికి వచ్చింది. అన్న సుత్తి పక్కన పెట్టి చాలాసేపు దాన్నే చూశాడు. నాకు తెలిసి ఆయన చేతిలో గిన్నెకు చిల్లు పడటం అదే మొదలు. వారం తిరగకుండా రెండోదీ పోయింది. మూడోది పక్కగోడ దగ్గర పోయింది.

"లోపల నార దొంగనార తమ్మీ. ఎప్పుడు ఎటు తిరుగుతదో తెలుస్తలేదు" అన్నాడు.

నేను ఆ గిన్నెను కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాను. పుచ్చు లేదు, చీలిక లేదు. చిల్లు చుట్టూ గోడంతా ఒక్కలాగే పలచబడి, ఉల్లిపొర మందానికి వచ్చాక తెగింది. అంటే ఆగాల్సిన చోట ఆయన ఆగలేదు. తెలియక, తొలుస్తూనే పోయాడు. ముప్పై ఏళ్ళుగా కొలతలు చూసి బతికేవాణ్ణి, అది నాకు కనిపించకపోలేదు. కనిపించింది. కానీ అన్న తప్పాడు అనే మాట మనసులోకి రానివ్వడం కన్నా చెక్కను తిట్టడం తేలికైంది. అన్నకు షుగర్ ఉందని పదేళ్ళుగా తెలుసు, వదిన గుర్తుచేస్తే మాత్ర వేసుకుంటాడని, లేకపోతే మరిచిపోతాడని కూడా తెలుసు. షుగర్‌కూ గిన్నెకూ సంబంధం ఉంటుందని మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు.

మూడో గిన్నె పోయిన మధ్యాహ్నమే దాన్ని చేతబట్టుకుని ఆరా మిషన్‌కు వెళ్ళాను. అన్న వద్దన్నాడు, వదిన గుమ్మం దాకా వచ్చి వద్దంది. వింటే కదా! అక్కడ కోతకు వచ్చినవాళ్ళు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే గిన్నెను ఆ ముసలాయన కాళ్ళ దగ్గర విసిరికొట్టాను. నమ్మి వచ్చినవాడికి చచ్చు చెక్క అంటగట్టావన్నాను. ముప్పై ఏళ్ళు మా డబ్బు తిన్నందుకు ఇదా మర్యాద అన్నాను. ఇంకా నోటికొచ్చినవి చాలా అన్నాను, అవి రాయడానికి నాకిప్పుడు మొహం చెల్లదు. ఆయన గిన్నెను వంగి తీసుకుని, చిల్లులో వేలు పెట్టి చూసి, నెమ్మదిగా నావైపు తిరిగాడు.

"సునో భాయ్, జర నా మాట ఇను. మీ అన్న..." అన్నాడు.

మా అన్న పేరెత్తొద్దు అని అరిచాను. ఆయన మళ్ళీ ఏదో అనబోయాడు. చెయ్యి అడ్డం పెట్టి, ఇంకొక్క మాట మాట్లాడితే బాగుండదని చెప్పి వచ్చేశాను. వెనక మిషన్ మళ్ళీ మొదలైన చప్పుడు వినిపించింది. ఇంటికొచ్చి, దులిపేసి వచ్చానని అన్నతో గొప్పగా చెప్పాను. నా చేతుల్లో గిన్నె లేదని చూసి, పగిలిందైనా సరే తేవాల్సింది, పొయ్యిలోకి పనికొచ్చేదని వదిన సణిగింది.

మరుసటి వారం జీతం రాగానే, ఇన్నాళ్ళూ సరదాకి అన్నదాన్ని నిజంగానే చేశాను. రెండు కాళ్ళు వంకీలు తిరిగిన పెద్ద కాలిపర్ ఒకటి కొని తెచ్చి అన్న ముందు పెట్టాను. పోట్లాడతాడనుకున్నాను. కిక్కురుమనకుండా తీసుకున్నాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. ముప్పై ఏళ్ళు కాలిపర్‌ను గేలిచేసిన మనిషి అంత తేలికగా ఎందుకు తీసుకున్నాడని అడగాలి. నేను గెలిచానని సంబరపడ్డాను. ఆయన నాలుగు దెబ్బలు కొట్టడం, ఉలి ఆపడం, కాలిపర్ పెట్టి చూడటం, మళ్ళీ నాలుగు దెబ్బలు. పని సగానికి సగం నెమ్మదించింది గానీ చిల్లులు ఆగిపోయాయి. సేఠ్ అడిగిన పెద్ద గిన్నెలు ఒక్కొక్కటీ గోడవారగా చేరసాగాయి. చూశావా కొలత విలువ అని ఎగిరిపడ్డాను. అన్న ఆ చింతమొద్దులనే చెక్కుతూ రెండు నెలలు గడిపాడు. ఆ రెండు నెలలూ ఆయన కాళ్ళకేసి చూసినవాడు లేడు.

ఒక ఆదివారం పొద్దున, పూర్తయిన గిన్నెలకు నూనె రాద్దామని కూర్చున్నాను. ఒకదాని బయటివైపు, కొసకు దగ్గర, నల్లగా ఎండిన మరక ఉంది. రేగ్మాల్ కాగితం పెట్టి రుద్దితే ఎర్రగా రాలింది. ఆ పక్కదానికీ ఉంది. లక్క అంటిందేమో అని వదినను అడిగాను. వదిన అతుకుతున్న గాజులు పక్కన పెట్టి, దగ్గరికి వచ్చి వాసన చూసి, ఇది లక్క కాదంది. ఇద్దరం ఒకేసారి అన్నవైపు చూశాం. ఆయన మొద్దును కాళ్ళ మధ్య పట్టుకుని సుత్తి ఎత్తుతున్నాడు.

కుడికాలు పైకెత్తి చూశాను. బొటనవేలి కింద అరికాలిలో చింతపేడు ఒకటి, అంగుళం పైనే ఉంటుంది, లోపలికంటా దిగి ఉంది. దాని చుట్టూ చర్మం నల్లబడి, ఉబ్బి, కింద చీము పట్టింది. ఎన్ని రోజులైందో ఆయనకూ తెలియదు. నేను వేలితో నొక్కాను. చీము వచ్చింది, ఆయన మొహంలో మార్పు రాలేదు. వదిన అక్కడే చెక్కపొట్టులో కూలబడింది.

దవాఖానలో డాక్టరమ్మ అన్నను కళ్ళు మూసుకోమంది. సన్నటి దారంలాంటిది ఒకటి తీసి, అరికాలిలో ఒక్కో చోట తాకిస్తూ, తాకినప్పుడల్లా చెప్పాలంది. ముందు బొటనవేలు, తర్వాత మడమ, తర్వాత మధ్యలో. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. రెండు పాదాలూ అయిపోయాయి. అన్న కళ్ళు మూసుకుని బుద్ధిగా ఎదురుచూస్తున్నాడు.

"నేను రెడీ అమ్మా, షురూ చెయ్యుండ్రి" అన్నాడు.

ఆమె నావైపు చూసింది. నేను బయటికి వెళ్ళిపోయి వరండాలో గోడకు తల ఆనించి నిలబడ్డాను. తర్వాత ఆయనే ఒక్కొక్కటిగా చెప్పాడు. ఏడాదిన్నరగా దూది మీద నడిచినట్టు ఉందట. మొదట్లో వేళ్ళు, తర్వాత పాదమంతా. చెక్క జలదరించడం మానేసిందట. చెబితే మేము పని మాన్పిస్తామని చెప్పలేదు. చెవితో విని, చేతితో తడిమి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. మెత్తటి చెక్కయితే గడిచిపోయేది. చింత ఒక్కో పొరకు ఒక్కోలా మోగుతుంది కాబట్టి చెవి మోసం చేసింది. మరి నేను కాలిపర్ చేతికిచ్చినప్పుడైనా నాకు చెప్పొచ్చు కదా అన్నాను. అది దొరికాక ఇక చెప్పే అవసరం లేదనుకున్నానన్నాడు.

మొదట రెండు వేళ్ళు తీశారు. పాదం నిలుస్తుందో లేదో చూద్దామన్నారు. ఆ రోజుల్లో అన్న కోరింది ఒక్కటే, పాదం మిగలాలి. వేళ్ళు ఎన్ని పోయినా పట్టు దొరుకుతుంది, మడమా అరికాలూ ఉంటే చాలు, మొద్దును ఇరికించి పట్టుకోవచ్చు. నిద్రలేచింది మొదలు అదే లెక్క. పక్క మంచాల వాళ్ళకు కూడా చెయ్యి తిప్పి ఎలా పట్టుకుంటాడో చూపించేవాడు. ఆ కాలికి ఇక ఏమీ తెలియదు కదా అన్నా, పట్టుకుని ఏం లాభం అని అడగాలనిపించేది. అడగలేదు. కట్టు మార్చినప్పుడల్లా నేను ఆయన మొహం చూడకుండా కాలు చూసేవాణ్ణి. నలుపు పైకి పాకుతోంది. పదకొండో రోజు డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి, మోకాలి కింద నుంచి తీసేయాలంది. ఇంకా ఆగితే కాలితో పోదు, మనిషే పోతాడంది.

అన్న ఒప్పుకోలేదు. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి, మంచం మీద లేచి కూర్చుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మడిమ ఉంచుమను తమ్మీ. మడిమ ఒక్కటి ఉంచుమను, నీ కాళ్ళు మొక్కుత."

వదిన సంతకం పెట్టలేకపోయింది. నన్ను పెట్టమంది. పెట్టాను. అన్న నావైపు చూస్తూనే ఉన్నాడు, ఆపు అని మాత్రం అనలేదు. స్ట్రెచర్ లోపలికి వెళ్ళాక వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఫ్యాక్టరీలో అయితే ఒక్క ముక్క పాడైనా ఎవరి పొరపాటో రాయడానికి ఒక ఫారం ఉంటుంది. అక్కడ నా దగ్గర ఏ ఫారమూ లేదు, లేకపోవడమే నయమనిపించింది.

ఇంటికి తెచ్చిన నెల తర్వాత అన్న మొదటిసారి ముందు గదిలోకి వచ్చి కూర్చున్నాడు. మిగిలిన చింతమొద్దును దగ్గరికి తీసుకురమ్మన్నాడు. చెక్కుతాడేమో అని భయపడ్డాను. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నార వెంబడి బొటనవేలు పోనిస్తూ, చివరి దాకా తడిమి చూశాడు. ఇంత మంచి చెక్క తన చేతికి ఎప్పుడూ రాలేదన్నాడు. ఆ తర్వాత నన్ను పిలిచాడు.

"భాయ్‌ని ఉత్తపుణ్యానికి తిట్టొచ్చినవ్. దీంట్ల ఏం ఐబు లేదు. పోయి మాఫీ అడుగు."

నాకు తల తీసేసినట్టయింది. వారం రోజులు రేపు రేపు అని తప్పించుకున్నాను. ఆయన రోజూ అడిగేవాడు, పోయినవా అని. చివరికి ఒక సాయంత్రం డ్యూటీ దిగి అటే వెళ్ళాను. మిషన్ ఆపేసి ఉంది. ముసలాయన దుంగ మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. నిలబడే చెప్పాను. చెక్కలో తప్పు లేదని, అన్న కాలు పోయిందని, ఆ రోజు నలుగురిలో నేను తిట్టిన మాటలకు క్షమించమని. తల వంచుకుని చెప్పాను. అలా తల వంచడం నాకు అలవాటు లేదు.

కాలు సంగతి ఆయనకు తెలుసు. బస్తీలో ఎవరో చెప్పారట. బీడీ పారేసి మెల్లగా మొదలుపెట్టాడు.

"మొద్దులు తీస్కుంటందుకు మీ అన్న వచ్చిండు సూడు, ఆ దినం ఆయన కాలి చెప్పు గీడ్నే ఊడిపడ్డది. ఆయనకు తెల్వనే లేదు. ఒక్క చెప్పుతోని రోడ్డు దాక నడిచిండు. నేను ఉరికిపోయి ఇచ్చిన. నవ్విండు. మా అమ్మీకి గూడ ముందుగాల గట్లనే అయింది. తర్వాత కాలు తీసిండ్రు. అమ్మీ బతకలే."

నేను పక్కనున్న దుంగ మీద కూర్చున్నాను.

"నువ్వు గిన్నె తెచ్చినప్పుడు చిల్లు చూడంగనే సమజైంది నాకు. చెప్దామనుకున్న. నువ్వు చెప్పనియ్యలే. మల్ల మీ ఇంటికొచ్చి చెప్దామనుకున్న. నాకూ గుస్సా ఉండె భాయ్. నలుగురి ముందు అట్ల తిడ్తివి. రెండు దినాలు చూసిన, నాలుగు దినాలు చూసిన. నేను రాలే. అల్లా నన్ను మాఫ్ చెయ్యాలె."

అడగడానికి వెళ్ళింది నేను. ఆయన నా చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మీ తప్పేం లేదని నేను అనాలి. అనలేకపోయాను. ఆయన మీద కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా కోపమే వచ్చింది. పీక పట్టుకుని అడగాలనిపించింది, నేను కుక్కలా మొరిగితే మాత్రం నువ్వు మనిషివి కాదా అని. మరుక్షణం ఆ కోపం నామీదికే తిరిగింది. గిన్నె విసిరికొట్టిన రోజుకూ పేడు బయటపడ్డ రోజుకూ మధ్య రెండు నెలలు ఉన్నాయి. ఆ రెండు నెలల్లో ఒక్కసారి దవాఖానకు తీసుకెళ్ళి ఉంటే, కాళ్ళకు స్పర్శ లేదని ఎవరైనా ఆయనకు చెప్పి ఉంటే, మొద్దు ముందు కూర్చోనిచ్చేవాళ్ళమా? ఒక్క వాక్యం వినడానికి నాకు ఓపిక లేకపోయింది.

ఇంటికొచ్చేసరికి అన్న గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మడిచి కుట్టిన పంట్లాం కాలు కుర్చీ అంచున వేలాడుతోంది. పోయినవా అని అడిగాడు. పోయానన్నాను.

"ఏమన్నడు?"

చెప్పులు విప్పుతూ, మొహం చూపించకుండా, ఏమీ అనలేదు, మాఫ్ చేశాడన్నాను.

"మంచోడు" అన్నాడు అన్న. "ఇప్పుడు నా పానం నిమ్మలమైంది. నీ నోరు గట్లుంటది గని, తమ్మీ, నువ్వు లేకుంటే నేను బతుకుదునా?"

లోపలికి వెళ్ళి నల్లా విప్పి చాలాసేపు మొహం కడుక్కున్నాను. వదిన బయట నుంచి అన్నం పెట్టనా అని అడిగింది. పెట్టమన్నాను.